చల్లబడిన మ్యాంగో ఫ్లోట్

"ఇంకా గట్టిపడలేదేంటే?"

చెక్కగోడ అవతల పక్కింటి దొమెంగ్ అరుపు. వెంటనే మెర్లిండా తల ఫ్రిజ్ తలుపుకేసి కొట్టిన చప్పుడు. మా ఊరి పునీతుడు సాన్ రోకే పండగ రోజైనా పెళ్ళాన్ని వదలడు, వెధవ!

నిన్న నా ముందే చేసింది ఆ మ్యాంగో ఫ్లోట్‌ని మెర్లిండా. ఒక వరస బిస్కెట్లు, ఒక వరస మీగడ, పైన మామిడి ముక్కలు. ఫ్రిజ్‌లో పెట్టగానే కరెంటు పోయింది. దానికి ఆమేం చేస్తుంది?

మళ్ళీ దెబ్బ. గిన్నెలు పగిలాయి. మెర్లిండా కేక పెట్టింది. తర్వాత ఏదో బరువైనది నేల కూలింది. ఇంక చప్పుడు లేదు.

మధ్యాహ్నం కరెంటొచ్చాక వెళ్ళాను. ఆమె పెదవి చిట్లింది, చెవి పక్కన రక్తం గడ్డకట్టింది.

"రా అక్కా, ఇప్పుడు గట్టిపడింది," అంటూ అప్పుడే కడిగిన కత్తితో పెద్ద ముక్క కోసి పెట్టింది. నోట్లో వెన్నలా కరిగింది.

"వాడేడీ?"

"లోపల పడుకున్నాడు."

"తాగి పడ్డాడా? పడుండనీ."

పండగ ఇంటి నుంచి మేమెవరం వట్టి చేతులతో రాము. పక్కనున్న ఖాళీ డబ్బా అందుకున్నాను. "మా ఆయనకి రెండు ముక్కలు పెట్టవే."

మెర్లిండా డబ్బా లాక్కుంది.

"వద్దక్కా. చావింట్లోంచి తిండి ఇంటికి పట్టుకెళ్ళకూడదు."