పదకొండేళ్ల వెలుగు

తన ఇత్తడి మురుకు అచ్చు ఎవరు పట్టుకెళ్లారన్న సందేహం తంగమ్మను పదకొండేళ్లుగా తొలుస్తోంది. అది పుట్టింటి అచ్చు. పెరుమాళ్లకు మొక్కుకుంది. ఆయనా చెప్పలేదు.

"ఎవురింట్లో ఉండాదో ఇయ్యాల తేలాల," అంది, దీపావళి మురుకులకని తన అరుగు మీద చేరిన అన్నూరు తెలుగు వీధి ఆడవాళ్లతో.

"మళ్లీ మొదలుపెట్నావా అత్తా? మా ఇంట్లో లేదు, సామి సత్యం," అంది పక్కింటి హేమమాలిని.

కాలేజీలో చదివే మనవరాలు ఇందుజ సెల్‌ఫోన్ చాపింది. "అవ్వా, ఇది చూడు. అంతరిక్షంలో ఉండే టెలిస్కోపు తీసిన ఫోటో. ఈ వెలుగు వెయ్యి కోట్ల ఏండ్ల ముందు బయల్దేరింది. ఎంత దూరం చూస్తే అంత పాతకాలం కనిపిస్తాది."

పిండిలో తంగమ్మ చెయ్యి ఆగిపోయింది. "మన వీధి వెలుగూ అట్లనే పోతా ఉంటాదా?"

"పోతాది. పదకొండేండ్ల దూరంలో ఉండే చుక్క నుంచి చూస్తే, అప్పటి మన వీధి ఇప్పుడు కనిపించాల. కానీ అవ్వా, అంత పెద్ద టెలిస్కోపు..."

"వీధి సరే, ఇంటి లోపల?" హేమమాలిని గబుక్కున అడిగింది. "పైన పెంకులు ఉండాయే!"

"ఈ ఫోటో తీసిన టెలిస్కోపు వేడి వెలుగును పట్టుకుంటాది పిన్నీ. దుమ్ము మేఘాల వెనక పుట్టే చుక్కలు కూడా దీనికి తెలుస్తాయి."

"మేఘాలే అడ్డం కాదంట, పెంకులెంత!" తంగమ్మ వీధి చివరిదాకా వినిపించేలా అంది.

"అయ్యో, అది వేరే అవ్వా..." ఇందుజ మాట ఎవరూ వినలేదు.

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా," అంటూ హేమమాలిని లేచింది. తక్కినవాళ్లకూ ఏవేవో పాలు గుర్తొచ్చాయి.

తంగమ్మ లోపల దీపం పెట్టి తిరిగొచ్చేసరికి అరుగు మీద ఇత్తడి అచ్చు మెరుస్తోంది. దాని పక్కన, పోయాయని తనకే తెలియని జల్లెడ, కొబ్బరి కోరాము, రెండు గరిటెలు. మనిషి జాడ లేదు.

"పెరుమాళే!" అచ్చును కళ్లకద్దుకుంది.

"అవ్వా, ఆ చుక్కల్లోంచి నిజంగా ఎవురూ చూడటం లేదు," వెనకే లోపలి నుంచి వచ్చిన ఇందుజ నవ్వు ఆపుకోలేకపోయింది.

"చూడటం లేదని నీకెట్ల తెలుసు?"

తంగమ్మ ఆకాశంవైపు ఒకసారి అనుమానంగా చూసి, వంటింట్లోకి వెళ్లి, ఇరవై ఏళ్లుగా తమ పొయ్యి మీదే ఉడుకుతున్న హేమమాలిని అత్తగారి ఇడ్లీ పాత్రను కొంగు కింద దాచుకుని పక్కింటి పెరటి వైపు నడిచింది.