రేకు వెనక గుర్తు

"ఈ రాతిపువ్వులో వంకర రేకు పెట్టిందెవరు?" అని అధికారి అడగ్గానే, మేస్త్రీ వేలు సొంత బావమరిది మీదికి తిరిగింది.

"వీడేనండీ. పన్నెండేళ్ల కిందటి మరమ్మతులో తూర్పు గుమ్మం నేను చేశాను, ఈ పడమటిది వీడికిచ్చాను."

మొగలుల నాటి సమాధి అది. ఎటు నిలబడి చూసినా అదే గుమ్మం, అదే తీగ, అదే పువ్వు. పాలరాతిలో వెంట్రుక దూరే సందు కూడా లేకుండా రంగురాళ్లు పొదిగిపోయారు ఆనాటివాళ్లు. వాటి మధ్య ఈ ఎర్ర రేకొక్కటి పుచ్చుపన్నులా ఉంది. పెద్దవాకిలికి పరంజాలు అడ్డంగా ఉండటంతో ఆ పొద్దున ముగ్గురూ పక్కదారిన లోపలికొచ్చారు.

"గుమ్మటం పని మీ ఇద్దరికీ ఇద్దామనుకున్నా. ఇది చేసిన చేతికి మాత్రం ఇవ్వను," అన్నాడు అధికారి.

బావమరిది ఏదో చెప్పబోయి, బావ ముఖం చూసి ఆగిపోయాడు.

"నాదేనండీ."

"సిగ్గుండాలిరా! మీ అక్క మొహం చూసి పని నేర్పితే, అయ్యగారి ముందు నా పరువు తీసేశావు. ఆ రోజు కళ్లు నెత్తిన పెట్టుకున్నావా?"

"తప్పయింది బావా."

మేస్త్రీ కొత్త రేకు తీసి, దాని వెనక సూదిమొనతో నెలవంక గీశాడు. పొదిగాక ఎవరికీ కనపడకపోయినా, రాయి వెనక తన గుర్తు గీయనిదే ఏ పనివాడికీ తృప్తి ఉండదు. బావమరిది గుర్తు చేప.

"పాతది ఊడదీస్తానండీ. వీడి చేపను మీరే చూద్దురుగాని."

బావమరిది గబుక్కున అతని చెయ్యి పట్టుకున్నాడు. "నాదేనని ఒప్పుకున్నాగా బావా. నువ్వెళ్లి టీ తాగిరా, నేను తీస్తా."

"తీసి జేబులో వేసుకుందామనా? తప్పుకో!"

ఉలి మొన తగలగానే రేకు టక్కున ఊడింది. మేస్త్రీ దాన్ని తిప్పైనా చూడకుండా అధికారి చేతిలో పెట్టాడు.

బయట మబ్బు విడిపోయింది. పొద్దుటి ఎండ ఆ గుమ్మంలోంచే తిన్నగా వచ్చి మేస్త్రీ కళ్లలో కొట్టింది. అతను ఉలిక్కిపడి రేకు కోసం చెయ్యి చాచాడు. బావమరిది తల దించుకున్నాడు.

అప్పటికే అధికారి రేకును తిప్పి, బొటనవేలితో సున్నం రుద్దుతున్నాడు.

"చేపేదయ్యా? ఇక్కడ నెలవంక ఉందే!"