గిరిబాబు ఇంగ్లీషు

“హోవెవర్, ది ఫార్మర్స్...”

“హౌవెవర్. మళ్ళీ మొదట్నించీ సదువు, బావా.”

గిరిబాబు పుస్తకం ఒళ్ళో పడేసి కళ్ళు నులుముకున్నాడు. పొద్దున్నించీ నౌపడ ఉప్పు మడుల్లో ఉప్పు లాగి లాగి వచ్చాడు. తెల్లటి ఉప్పు మీద ఎండ పడితే కళ్ళల్లో కారం కొట్టినట్టే. ఇంటికొచ్చి, మొహాన ఇన్ని నీళ్ళు కొట్టుకుని, ఓ గుక్క టీ తాగాడో లేదో, ఇంగ్లీషు! నలభై దాటిన మనిషికి ఇదేం ఖర్మో చెప్పండి.

“కళ్ళు మండుతన్నాయే. రేపు సదువుతాను.”

“రేపు గ్రామరు. ఇయ్యాల పాసేజీలు అయిపోవాల.”

ఈశ్వరి గోడకి ఆనుకుని చింతపండులో గింజలు తీస్తోంది. గిరిబాబుకి మేనమామ కూతురు, పెళ్ళాం, ఇప్పుడు పంతులమ్మ కూడా. ఆవిడది డిగ్రీ. ఈయనది ఇంటర్, అదీ ఏనాటిదో. చేతిలో పని ఆపదు, మొగుడి వైపు తిరగదు, తప్పు మాత్రం ఒక్కటీ వదలదు. బడిలో మాస్టర్లే నయం, మధ్యమధ్యలో కునుకైనా తీసేవాళ్ళు.

“బ్లాంకు వచ్చినకాడ డ్యాష్ అనవేటి? గబగబా దాటేస్తే ఎలా తెలుస్తాది?”

“డ్యాష్. డ్యాష్. సాలా?”

“ఇసుక్కోకు. ఆప్షన్లు సెప్పు.”

విసుక్కోక ఏం చేస్తాడు పాపం! అయినా చదివాడు. ఎందుకంటే గుమస్తా ఉద్యోగానికి వయసు గడువు ఈ ఏడాదితో సరి. వస్తే టెక్కలిలోనో పలాసలోనో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని ఈ ఉప్పులోంచి బయటపడొచ్చు. రాకపోతే ఇక మళ్ళీ పరీక్ష మాటే లేదు.

పోయినసారి చాలా కొద్దిలో పోయింది. పోవడానికి కారణం గిరిబాబే. పాసేజీ చదువుతుంటే అలసటకి కన్ను జారి ఒక లైను ఎగిరిపోయింది. అసలు సంగతంతా ఆ లైనులోనే ఉంది. దాని మీద అడిగిన ప్రశ్నలన్నీ గంగపాలు. సంగతి తెలిశాక స్టేషన్లో బెంచీ మీద కూలబడి, పదిమందీ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఈశ్వరి ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ అనదు. నాలుగు తిట్టేసినా బాగుండును అనుకుంటాడు గిరిబాబు. తిట్టని పెళ్ళాన్ని భరించడం చాలా కష్టం.

మడుల్లో పక్కన పనిచేసే సోములు ఊరుకుంటాడా?

“ఒరే గిరీ, పెళ్ళాం కాడ ట్యూషనేట్రా? బెత్తం కూడా ఉన్నాదా?”

“ఉన్నాది. నీకూ కావాలేటి?”

“నాకెందుకురా బాబూ! ఉద్యోగం వచ్చినాక మమ్మల్ని మర్సిపోకండి, అదే పదివేలు.”

ఒకసారి గిరిబాబుకి ఉత్సాహం పుట్టి, “ఇంత సదువుతన్నాను గదా, దూరవిద్యలో డిగ్రీ కట్టేస్తానే” అన్నాడు. ఈశ్వరి కస్సుమంది.

“నీకు ఇంటర్ సాలు. డిగ్రీ సేసినావంటే మొత్తం పని సెడిపోతాది.”

మొగుడు చదువుకుంటానంటే వద్దనే పంతులమ్మని మీరెక్కడైనా చూశారా? గిరిబాబు మాత్రం మళ్ళీ పుస్తకం తెరిచాడు.

అలా ఓ సాయంత్రం తేనెటీగల మీద పాసేజీ సగంలో ఉండగా గిరిబాబు టక్కున ఆగిపోయాడు.

“ఏటి, పడుకున్నావా?”

“కరెంటు పోయిందే!”

“అయితే సెల్లు లైటు ఏసుకో. నిద్దరకి వంకలు ఎతక్కు.”

సెల్లు వెలుగులోనే చదివాడు. లైను కింద వేలు పెట్టి, ఒక్కటీ జారకుండా, కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నా ఆపకుండా చదివాడు. చివర ఈశ్వరి, “బాగా సదివినావు బావా” అంది. ఆ మాటకి గిరిబాబు ఆ రోజు పడిన కష్టమంతా మర్చిపోయాడు.

పరీక్ష విజయనగరంలో పడింది. తెల్లారే రైలెక్కారు. గిరిబాబు నుదురు కిటికీ ఊచలకి ఆనించి, వచ్చిన ప్రతి స్టేషను బోర్డునీ ఇంగ్లీషులో పైకి చదవడం మొదలెట్టాడు. తిలారు, ఉర్లాం, పొందూరు. ఎదురు సీట్లో పిల్లలు కిసుక్కున నవ్వారు.

“ఇంక సాలు బావా. కాస్సేపు కళ్ళు మూసుకో. అక్కడ కావాల.”

“ఒసే, భయమేస్తన్నాదే. మళ్ళీ నా వల్లే పోతాదేమో.”

“పోతే పోతాది. ఉప్పు ఎక్కడికీ పోదు గదా!”

నవ్వించాలని అంది. గిరిబాబుకి నవ్వు రాలేదు. దేవుడా, ఈ ఒక్కసారికి నా కళ్ళు మోసం చెయ్యకుండా చూడు అని దణ్ణం పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

పరీక్ష జరిగే కాలేజీ ముందు జాతరలా జనం. ఆ తోపులాటలో ఈశ్వరి మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“సార్, మీరు లోపలికి పదండి. మేడమ్, కూడా వచ్చినవాళ్ళు ఆ టెంటు కింద కూర్చోవాలండీ. సార్ రాసేసి వచ్చేస్తారు.”

ఈశ్వరి మోచెయ్యి వదలకుండానే చెప్పింది: “పరీక్ష నాది బాబూ, నాకు సూపు లేదు, లోపల సదివి పెట్టడానికే, రూలు ప్రకారం నాకంటే తక్కువ సదివిన ఈయన్ని తెచ్చుకున్నాను.”