కిరాయికి వద్దు, సొంతానికి కావాలె

“నెలనెలా కట్టేది వద్దు తమ్మీ. ఒక్కసారి కొంటే మాదే అయిపోవాలె.”

పొద్దున్నుంచి భద్రాచలంలో ఎక్కిన ప్రతి కంప్యూటర్ దుకాణంలోనూ ఫజిలత్ ఇదే మాట చెబుతోంది. ఒళ్లో మూడేళ్ల మెహర్. బల్ల మీద, తువ్వాలులో చుట్టి తెచ్చిన పాత ల్యాప్‌టాప్.

ఈ దుకాణం నడిపే సాయికిరణ్ నవ్వాడు. “ఇప్పుడన్నీ కిరాయికే అక్కా. లెక్కల సాఫ్ట్‌వేర్ సొంతానికి ఎవరిస్తుండ్రు? నెలనెలా కడితే ఫోన్ల కూడా కనబడతది. మీ సారు యాడున్నా దుకాణం చూసుకోవచ్చు.”

“ఆయన చూడడు. నెట్ లేకున్నా నడిచేది కావాలె. మా కంప్యూటర్లనే ఉండాలె. ఎవరో యాడనో కూసోని బంద్ చేసేది నాకొద్దు.”

దుమ్ముగూడెం దాటాక గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లో వాళ్లది ఎరువులు, విత్తనాల దుకాణం. ఇప్పుడు వాడుతున్న సాఫ్ట్‌వేర్ గడువు ఈ రోజుతో సరి. డబ్బు కడతానని ఫజిలత్ కంపెనీకి ఎన్నిసార్లు ఫోన్ చేసినా, రిజిస్టర్ చేసిన నంబరుకు వచ్చే ఓటీపీ చెప్పమంటున్నారు. ఆ నంబరు ఆమె భర్త ముక్తార్‌ది.

“సారుకు ఫోన్ కొట్టి అడగరాదు?” అన్నాడు సాయికిరణ్.

“కలవదు.”

“అవ్ లే, ఆ అడవిల సిగ్నల్ యాడ ఉంటది!”

ఫజిలత్ మెహర్ జుట్టు సరిచేసింది.

అతను లోపలికి వెళ్లి, అడుగు అరలోంచి దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు. “గిదొక్కటే ఉంది. పాతది. ఒకసారి కొంటే అంతే, ఇగ ఎవ్వడూ అడగడు. కాకపోతే కొత్త మార్పులేం రావు.”

“రావద్దు. ఏదీ మారొద్దు.”

ఆమె ధర బేరం చెయ్యలేదు. సాయికిరణ్‌కు అదే వింతగా తోచింది. డబ్బా విప్పి పని మొదలుపెట్టాడు. తెర మీద ఇంగ్లిషు అక్షరాలు పరుగెత్తుతుంటే ఎనిమిదో తరగతిలో ఆగిన చదువు ఆమెకు ఎందుకూ పనికిరాలేదు. అతని ముఖమే చూస్తూ కూర్చుంది.

“ఇదేందక్కా, ఖాళీ గోనెసంచి ఒక్కటే ఇన్నిసార్లు అమ్మిండ్రు? పేజీలకు పేజీలు గదే ఉంది!”

“పాప. ఊకె నొక్కుతది.”

“రెండు తగిలియ్యుండ్రి. లెక్కలన్నీ ఖరాబ్ చేసింది.”

“ఆడుకోనీ తమ్మీ.”

“అర్ధరాత్రి బిల్లులు కూడా ఉన్నయ్. అప్పుడు కూడా పండదా?”

ఫజిలత్ తల దించుకుంది. “ఒక్కోపాలి.”

పాత లెక్కలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కాయి. అప్పుడు ఫజిలత్ అడిగింది. “ఇందుల మాట వస్తదా?”

“ఏం మాట?”

ఆమె పాత సాఫ్ట్‌వేర్‌లో గోనెసంచికి బిల్లు కొట్టింది. మగ గొంతు ఒకటి నిండుగా పలికింది.

“బిల్లు అయింది. పైలంగ పోయి రండి.”

అది ముక్తార్ ఎప్పుడో రికార్డు చేసి పెట్టింది. అడవి గూడేల నుంచి వచ్చేవాళ్లు చాలామంది చదువుకోలేదు. కాగితం చేతికిచ్చినా ఇంకా ఏదో ఉందేమోనని నిలబడిపోయేవారు. ఇప్పుడు ఆ మాట వినబడితే తప్ప ఎవరూ బస్తా భుజానికి ఎత్తరు.

సాయికిరణ్ పెదవి విరిచాడు. “దీంట్ల గంట మోగుతది అంతే. ఆగుండ్రి, గంట బదులు మాట పెట్టొచ్చు. నేను చెప్తా, నా గొంతు బాగుంటది. బిల్లు అయిందీ...”

“వద్దు!”

దుకాణం బయట నిలబడ్డవాళ్లు కూడా తిరిగి చూశారు.

“అయితే సారునే రమ్మనుండ్రి. మంచి మైకుల చెప్పిద్దాం.”

“రాడు.”

“గంత బిజీనా? ఏం హీరోనా అక్కా మీ సారు?”

ఫజిలత్ నవ్వబోయింది. “మావోళ్లకు గా గొంతే అలవాటు. అదే కావాలె. రేపటికి ఇది ఉండదు తమ్మీ, నీకు దండం పెడత.”

అతను ఇక వాదించలేదు. ఫ్యాన్ ఆపాడు, షట్టర్ సగం దించాడు, తన ఫోన్‌ను ల్యాప్‌టాప్ స్పీకర్ పక్కన ఆనించాడు. మొదటిసారి రోడ్డు మీద లారీ హారన్ పడింది. రెండోసారి ఆ గొంతు వినగానే మెహర్ కిలకిలా నవ్వింది. మూడోసారి ఫజిలత్ పాప నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, తన ఊపిరి కూడా బిగబట్టింది.

కాసేపటికి సాయికిరణ్ కొత్త సాఫ్ట్‌వేర్‌లో మీట నొక్కాడు.

“బిల్లు అయింది. పైలంగ పోయి రండి.”

“అయిపాయె! ఇగ నెట్ లేకున్నా, ఎవడు బంద్ చేసినా, మీ సారు చెప్తనే ఉంటడు. ఏందక్కా, ఏడుస్తుండ్రా?”

“చెమట,” అంది ఫజిలత్, కొంగుతో ముఖమంతా తుడుచుకుంటూ. “ఫ్యాన్ బంద్ చేసినవ్ గదా.”

మెహర్ ఒళ్లోంచి జారి, బల్ల చుట్టూ తిరిగి, ల్యాప్‌టాప్ తెర వెనక్కి తొంగి చూసింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. మళ్లీ వంగి బల్ల కింద వెతికింది.

“ఎవరి కోసం చూస్తున్నవే?” సాయికిరణ్ పగలబడి నవ్వాడు.

ఫజిలత్ పాపను ఎత్తుకుంది, ల్యాప్‌టాప్‌ను తువ్వాలులో చుట్టి గుండెకు హత్తుకుంది.

బస్సులో ఏటివైపు సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. అటు వీపు పెట్టి, దుమ్ముగూడెం దాకా నిలబడే ప్రయాణం చేసింది.

ముక్తార్ శవాన్ని గోదావరి ఇవ్వలేదు.