మొదటి గుండు

పిస్తోళ్ల కార్ఖానా గుమ్మంలో నిలబడ్డ ముసలాయన చేతులు జేబుల్లోంచి తీయలేదు.

"ఇవాళ వచ్చిన పిస్తోలు చట్రాలు బిగించకండమ్మా. లోపల గాలిబుడగలున్నాయి."

మెరుగు పెడుతున్న చెయ్యి ఆపింది కార్మెలె. పక్కనే బుట్టలో మూడు నెలల పిల్లాడు నిద్రపోతున్నాడు.

"నీకెలా తెలుసు తాతా? కలలో కనబడ్డాయా?"

ముసలాయన తల వంచుకున్నాడు.

"తెలుసమ్మా."

ఐబార్ ఊళ్లో చట్రాన్ని కొలిమిలో కాచి, సుత్తులతో సాగగొట్టే రోజులు పోయాయి. ఇప్పుడన్నీ వేరే కార్ఖానాలో కరిగిన ఇనుము అచ్చుల్లో పోసి పంపే పోత చట్రాలే. పని పోయిన కొలిమివాళ్లు రోజుకొకరొచ్చి పోతను తిట్టిపోతున్నారు.

"ఇంకో కొలిమి తాత! ఎంత కడుపుమంటో!" లోపల్నుంచి ఎవరో అరిచారు.

అందరూ పగలబడి నవ్వారు.

"ఒక్కటి కోసి చూడండి. కాళ్లు పట్టుకుంటా."

"సరుకు వెనక్కి పోతే పదిహేను రోజులు మేమేం తినాలి? నీ గడ్డమా? పో, పిల్లాడు లేస్తాడు."

కొత్త సరుకులో మొదటి పిస్తోలును, దాన్ని బిగించినవాడే రెండింతల తుపాకిమందు కూరి పేల్చాలి. అది కార్ఖానా ఆనవాయితీ.

ఆ రోజు వంతు కార్మెలె మొగుడు బలెందిన్‌ది.

అతను పిస్తోలును ఆకురాయితో తట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మోత బాగాలేదే."

"పోత చట్రం ఎప్పుడు మోగిందయ్యా? భయమేస్తే ఇటివ్వు. పిల్లాడికి పాలిచ్చొచ్చి నేనే పేలుస్తా!"

ఈసారి నవ్వులకు పైకప్పు రేకులు అదిరాయి.

బలెందిన్ మొహం కందిపోయింది. పిస్తోలు పట్టుకుని పెరట్లోకి నడిచాడు.

"వద్దు బాబూ!" ముసలాయన వెంటపడ్డాడు. ఇద్దరు రెక్కలు పట్టి ఈడ్చి వీధిలో పడేశారు. అప్పుడు బయటపడ్డాయి ఆ చేతులు. నిండా కాలిన మచ్చలు.

"చెప్పలా, కొలిమివాడేనని!" అంది కార్మెలె.

పెరట్లో పిస్తోలు పేలింది.

చట్రం రెండు ముక్కలైంది. వెనక్కి దూకిన ఇనుము బలెందిన్ కంట్లోకి దూరింది. డాక్టరు వచ్చేదాకా కూడా ఆగలేదు ప్రాణం.

పిల్లాడు మాత్రం నిద్ర లేవలేదు.

మట్టిచేసిన మర్నాడు, పిల్లాణ్ణి చంకనేసుకుని, ఏటి ఒడ్డున ఉన్న పోత కార్ఖానాకు వెళ్లింది కార్మెలె.

"ఆ చట్రాలు పోసిన చచ్చినోడెవడు? బయటికి పిలువు! వాడి మొహాన ఉమ్మెయ్యాలి."

కాపలావాడు తలుపు దగ్గరగా వేశాడు.

"వాడిప్పుడిక్కడ లేడమ్మా. అచ్చు తడి ఆరకముందే పోశానని, అందుకే బుడగలొచ్చాయని వాడే ఒప్పుకున్నాడు. యజమానులు నోరు మూసుకోమన్నారు, వినలేదు. పని పోతే పోయిందని, మొన్న పొద్దున్నే మీ కార్ఖానాకే వచ్చాడుగా. ముసలాడు... నీకు కనబడలా?"