అవతలి గీత

"జీపు కావాలంటే నన్ను గెలువుండ్రి డాక్టరమ్మా," అన్నాడు భుజంగరావు, రాకెట్టు తీగల్ని వేలితో మీటుతూ.

మెదకులో సర్కారు జీపున్న ఆఫీసర్లు ఇంకొందరున్నారు. ఆఫీసర్ల క్లబ్బులో ఏడాదిగా టెన్నిసు ఓడిపోని ఆఫీసరు మాత్రం ఆయనొక్కడే.

ఆడవాళ్ల దవాఖాన డాక్టరు ఎలిశిబా నవ్వలేదు. "వారంల ఒక్కనాడు, బేస్తారం ఒక్కపూట ఇయ్యుండ్రి సార్. కౌడిపల్లి పోయి కడుపుతోని ఉన్నోళ్లను చూసొస్త. మొన్న ఆ ఊరి యాదవ్వను ఎడ్లబండి మీద తెచ్చేసరికి బిడ్డ దక్కలే."

"అందుకే అంటున్న. పొద్దు గూకుతుంది, మూడు గేములు ఆడుదాం. రెండు గెలిస్తే బేస్తారం బేస్తారం జీపు మీది. ఓడితే మళ్ల ఆ మాట ఎత్తొద్దు."

ఎలిశిబా సంచిలోంచి కాన్వాసు బూట్లు తీసి తొడుక్కుంది. కొంగు నడుముకు బిగించి, క్లబ్బు రాకెట్టు ఒకటి అందుకుంది.

కుర్చీల్లో కూర్చున్న హెడ్ క్లర్కు వెంకట్రాములు ఆట మొదలు కాకముందే చప్పట్లు కొట్టాడు. ఆయన పక్కన భుజంగరావు భార్య సుశీలమ్మ. ఆమె ఒళ్లో టీ ఫ్లాస్కు, భర్త పట్టుకొమ్మని ఇచ్చిన జీపు తాళం.

"ముందే చెప్తున్న," భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. "టెన్నిసు పెద్దమనుషుల ఆట. ఇందుల అంపైరు ఉండడు. ఎవరి దిక్కు పడ్డ బంతికి వాళ్లే జడ్జి. అనుమానమొస్తే పాయింటు ఎదుటోళ్లకు ఇడిచిపెట్టాలె. లొల్లి పెట్టుకోవద్దు. రూలంటే రూలే."

"రూలంటే రూలే సార్," అంది ఎలిశిబా.

ఆట మొదలైంది. భుజంగరావుకు అనుమానమనేదే రాలేదు. ఎలిశిబా కొట్టిన బంతి గీత మీద పడి సున్నం లేపినా "అవుట్!" అన్నాడు.

"సున్నం లేచింది కద సార్?"

"గాలికి లేచింది."

ఆకు కదలడం లేదు. వెంకట్రాములు మాత్రం "మస్తు గాలి సార్" అన్నాడు.

భుజంగరావు బలమంతా పెట్టి కొట్టే పొడుగు దెబ్బలకు క్లబ్బులో పెద్ద పేరు. బయటికి పోతుందిలే అని ఎలిశిబా వదిలేసిన బంతులు వెనక గీతకు లోపలే పడుతున్నాయి. ఆమె వంగి గుర్తు చూసి, వింతపడి, ప్రతిసారీ "లోపలే సార్" అంది. మొదటి గేము ఆయనదైంది.

ఎలిశిబా వల చుట్టూ నడిచి ఇవతలికి, భుజంగరావు ఉన్న దిక్కుకు వచ్చింది.

"ఎక్కడికి?"

"మొదటి గేము అయింది. దిక్కులు మారాలె."

సుశీలమ్మ చటుక్కున లేచింది. "మీరు అటు పోకండ్రి! ఎండ కండ్లల్ల కొడ్తది. తలనొస్తది."

"ఈ క్లబ్బుల నేను ఎన్నడు దిక్కు మారలే," అన్నాడు భుజంగరావు.

"రూలంటే రూలే అన్నరు కద సార్."

వెంకట్రాములు ఆకాశంలోకి చూశాడు. భుజంగరావు గునుస్తూ అవతలికి పోయాడు. సుశీలమ్మ కూర్చుంది గాని, ఫ్లాస్కు మూత తిప్పుతూనే ఉంది.

అదే రాకెట్టు, అదే దెబ్బ, అదే మీసం. బంతులు మాత్రం గీత దాటి మూరెడు అవతల పడటం మొదలైంది. ఎలిశిబా మెల్లగా "అవుట్" అంటోంది. ఒక బంతి గీతను తాకిందో లేదో తేల్చుకోలేక పాయింటు ఆయనకే ఇచ్చింది. ఆయన తీసుకున్నాడు. షుక్రియా చెప్పే రూలు ఆయన చదివినట్టు లేదు.

రెండో గేము ఆమెది. మూడోదీ ఆమెదే. ఆఖరి బంతి గీత దాటి పోగానే ఎలిశిబా వల దగ్గరికి వచ్చి చెయ్యి చాచింది.

భుజంగరావు ఆ చెయ్యి అందుకోలేదు. "దొంగాట! నా దెబ్బ అవుట్ పోవుడేంది? మెదకుల అందరికెర్క నా దెబ్బ. ఈ గీతలు ఎవలో జరిపిండ్రు. గాలయ్యా!"

కోర్టుకు నీళ్లు చల్లి సున్నంతో గీతలు గీసే గాలయ్య తాడుతో ఉరికొచ్చాడు. వెంకట్రాములు వల నుంచి వెనక గీత దాకా తాడు లాగి కొలిచాడు. అవతల కూడా అట్లాగే కొలిచాడు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"నిజమే సార్! రెండు దిక్కులు సమానం లేవు."

"చూసిండ్రా!" భుజంగరావు ఎలిశిబా వైపు తిరిగాడు. "గాలయ్య పెండ్లాం మీ దవాఖానల్నే కన్నది కద. నాకు సమజ్ కాదనుకున్నరా? అందరు వినుండ్రి. గీత ఎవలు జరిపించిండ్రో వాళ్ల దిక్కోళ్లు ఓడినట్టే. నేను చెప్తున్న, ఇదే ఫైసలా. వెంకట్రాములూ, నువ్వే గవాయి, సాక్ష్యం నీదే."

"నేనే గవాయి సార్!"

ఎలిశిబా "నాకేం తెల్వదు సార్," అంది. ఆ మాట ఎవరూ వినిపించుకోలేదు.

"చెప్పు గాలయ్యా. ఈ దిక్కు ఎందుకు తక్కువ గీసినవ్?"

"ఈ దిక్కు తక్కువ గీయలే దొరా. ఇది కరెక్టుగనే ఉన్నది." గాలయ్య తల గోక్కున్నాడు. "మీరు ఎప్పుడు బంతి కొడ్తరు సూడుండ్రి, ఆ అవతలి దిక్కు, గదే మూరెడు ఎక్కువ గీస్త. ఏడాది సంది గట్లనే గీస్తున్న."

"ఎవలు చెప్తే?"

గాలయ్య కుర్చీల వైపు చూశాడు. వెంకట్రాములు కంగారుగా "నేను కాదు సార్, దేవుని తోడు!" అన్నాడు.

సుశీలమ్మ ఫ్లాస్కు కింద పెట్టింది. కోర్టులోకి నడిచి వచ్చి, జీపు తాళం ఎలిశిబా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"తీసుకపోండ్రి డాక్టరమ్మా. ఈయన ఓడొచ్చిన నాడల్లా మా ఇంట్ల పళ్లేలు ఎగిరేటివి, ఎవ్వరికి బువ్వ ముట్టకపోయేది. అందుకే ఆ గీత నేనే జరిపించిన."