వెనక తలుపు తాడు

తన భార్య రూత్‌ను చంపింది సూపర్‌వైజర్ జగదీశ్వరే. పరుపుల కార్ఖానా తగలబడినప్పుడు వెనక తలుపు తెరుచుకోక ఆమె లోపలే చనిపోయింది; అతనే గొళ్లెం పెట్టించి ఉంటాడు. విచారణలో ఆ మాట చెప్పి అతన్ని జైలుకు పంపాలని సామ్యేలు చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆ మంటల్లో ముందు వాకిలి నుంచి బయటపడ్డ సుక్కమ్మ అడ్డం నిలబడింది.

“జర ఆగన్నా. నూకితే తెరుసుకోవాలని ఆయన గొళ్లెం తీసేపిచ్చిండు.”

“మరెందుకు తెరుసుకోలే?”

“కుక్కలు లోపలికొచ్చి మా సద్దులు తింటున్నయని లోపల్నుంచి తాడు కట్టుకున్నం.”

“ఎవరు కట్టిన్రు?”

సుక్కమ్మ తల దించుకుంది. “మా ముడి ఊడిపోతుండె. ఆ రోజు రూత్ వదినె గట్టిగ కట్టింది.”

సామ్యేలు చెప్పులు విడిచి గోడకేసి కొట్టాడు.

“పోయి ఆయన తప్పు లేదని చెప్పన్నా.”

“చెప్ప. రూత్ మీద తప్పు నా నోటితోని పెట్ట. గీ ముచ్చట ఇంకెన్నడు నా ముందట తియ్యకు. నేను సుత తియ్య.”